కూపన్ కంటే ముందు సరుకుల లిస్టు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



మమ్మల్ని మాట్లాడమన్న విషయం "ఇంటి సరుకుల ఖర్చు, కూపన్లు, ఆఫర్లు". బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, సున్నా వడ్డీ లాంటి పెద్ద విషయాల మధ్యలో ఇది చిన్నదిగా కనిపించొచ్చు. కానీ లెక్క చూడండి. మనం సంఘంలో నెలకు కట్టే పొదుపు వందో రెండు వందలో. అదే నెలలో కొట్టులో పెట్టేది రెండున్నర వేలో మూడు వేలో. వంద రూపాయల పొదుపుకు పుస్తకం ఉంది, తీర్మానం ఉంది, సంతకాలు ఉన్నాయి. మూడు వేల ఖర్చుకు మన దగ్గర ఏ పుస్తకమూ లేదు. ఉన్న ఒక్క పుస్తకం కూడా కొట్టు ఆయన గల్లాపెట్టె దగ్గరే ఉంటుంది.

అందుకే మా సంఘంలో 11 మందిమి కూర్చుని ఈ విషయం మాట్లాడుకున్నాం. ఆచరణలో పనికొచ్చినవే ఇక్కడ చెబుతాం.

కూపన్లు ఎక్కడ దొరుకుతాయి

ముందు కూపన్ అంటే ఏమిటో చూద్దాం. ఒకప్పుడు రేషన్ కూపన్ అంటే చింపి ఇచ్చి బియ్యం తెచ్చుకునే కాగితం. ఇప్పుడు కంపెనీలు, దుకాణాలు ఇచ్చే కూపన్లు వేరే. మనకు దొరికేవి అయిదారు రకాలు ఉన్నాయి.

మొదటిది, ప్యాకెట్ మీద గానీ లోపల గానీ ఉండేది. బట్టల పొడి, టీ పొడి, సబ్బుల కట్టల్లో వస్తుంది. ప్యాకెట్ చింపి పారేసే ముందు లోపల చూడాలి. రెండోది, టౌనులో సూపర్ మార్కెట్‌లో కొన్నప్పుడు బిల్లు కిందనో, బిల్లుతో పాటు చిన్న కాగితంగానో ఇచ్చేది. "ఈసారి వచ్చినప్పుడు ఇంత మీద ఇంత తగ్గింపు" అని ఉంటుంది. మూడోది, పండగల ముందు పేపరులో పెట్టి వేసే కరపత్రం. నాలుగోది, మన ఫోన్ నంబరు మీద చేరే పాయింట్లు. అయిదోది, ఫోన్‌లో ఆర్డరు పెట్టేటప్పుడు కొట్టే కూపన్ కోడు. ఆరోది, ఫోన్‌తో డబ్బు కట్టాక గీకే స్క్రాచ్ కార్డు.

వీటితో పాటు దసరాకు, సంక్రాంతికి "వెయ్యి రూపాయలు కొంటే ఒక కూపన్, డ్రాలో మోటారు సైకిల్" అంటారు. దాన్ని మేం ఈ లెక్కలో చేర్చం. అది తగ్గింపు కాదు, అదృష్టం ఆట. దాని కోసం ఒక్క రూపాయి ఎక్కువ కొన్నా మనకే నష్టం.

ప్రతి కూపన్ మీద మూడు విషయాలు చూడాలి. గడువు ఎప్పటిదాకా, కనీసం ఎంత కొనాలి, ఏ సరుకులకు వర్తిస్తుంది. చిన్న అక్షరాల్లో ఉంటాయి కాబట్టి చదవలేని పెద్దమ్మలు బడికెళ్లే మనవరాలి చేత చదివించుకోవచ్చు. మేం కూపన్లన్నీ ఒక పాత కవర్లో వేసి, గడువు ముందు అయిపోయేవి పైన ఉండేలా పెట్టుకుంటాం. మన ఇంట్లో అక్కర్లేని కూపన్‌ను సమావేశానికి తెస్తే పక్క సభ్యురాలికి అక్కరకు వస్తుంది.

లిస్టు లేకుండా కూపన్ తియ్యొద్దు

కూపన్ ఎవరి లాభం కోసం పుట్టింది? మన చేత ఇంకాస్త కొనిపించడం కోసం. అందులో తప్పేం లేదు, వాళ్ల వ్యాపారం వాళ్లది. మన లెక్క మనకు ఉంటే ఆ కూపన్ మనకూ పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాం. వెయ్యి రూపాయల బిల్లుకు 100 తగ్గింపు కూపన్ ఉంది. మన లిస్టు ప్రకారం సరుకులు 820 రూపాయలే. కూపన్ పోతుందేమోనని 180 రూపాయల బిస్కెట్లు, కూల్ డ్రింకులు వేశాం అనుకోండి. బిల్లు వెయ్యి, కట్టింది 900. వంద ఆదా అయిందని ఇంట్లో చెప్పుకుంటాం. నిజానికి 820తో అయ్యేదానికి 80 రూపాయలు ఎక్కువ పెట్టాం.

అదే 180కి వచ్చే నెల ఎలాగూ కొనాల్సిన సబ్బులు, ఉప్పు, ఆవాలు వేసుకుంటే అప్పుడు నిజంగానే వంద మిగిలినట్టు. సరుకు లిస్టులో ఉందా లేదా అన్న దాన్ని బట్టే ఆదా.

ఇంకో దారి సంఘం వాళ్లకే ఉంది. ఒకరి లిస్టు 520, ఇంకొకరి లిస్టు 480. ఎవరికి వాళ్లు వెళితే కూపన్ ఇద్దరికీ రాదు. కలిపి ఒకే బిల్లు వేయిస్తే వెయ్యి అవుతుంది, వంద తగ్గుతుంది. 520 వాళ్లకు 52, 480 వాళ్లకు 48 పంచుకోవాలి. మేం ఇలా చేసినప్పుడు బిల్లు వెనకాలే ఎవరి వాటా ఎంతో రాసి ఇద్దరం సంతకం పెట్టుకుంటాం. రెండు రూపాయల దగ్గర కూడా స్నేహం చెడకూడదు కదా.

లిస్టు ఎలా రాయాలంటే, నెల మొదట్లో డబ్బాలు తెరిచి చూసి ఏది ఎంత మిగిలిందో చూసుకుని రాయాలి. రేషన్‌లో వచ్చేది మొదట తీసేయాలి. రాయడం రాని వాళ్లు నోటితో చెబితే సమావేశంలో ఎవరో ఒకరు రాసిపెడతారు. పక్కన పోయిన నెల ధర కూడా వేసుకోవాలి. మూడు నెలలు రాస్తే ఏ సరుకు ఏ కొట్టులో ఎంతో మన చేతిలో ఉంటుంది. దాన్ని మా సంఘంలో "ధరల పుస్తకం" అంటున్నాం. నలభై పేజీల నోటు బుక్కు చాలు.

ప్యాకెట్ మీద చదవాల్సినవి

ఆఫర్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నప్పుడు మనం చూడాల్సింది చిన్న అక్షరాలు.

ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర. దానికంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. తక్కువకు మాత్రం ఇవ్వొచ్చు, అడగొచ్చు. ఎంఆర్‌పీకి ఇచ్చి "ఇదే ఆఫర్" అంటే అది ఆఫర్ కాదు.

తర్వాత బరువు. ధర పెంచకుండా బరువు తగ్గించడం మామూలైపోయింది. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఎప్పుడూ అయిదు రూపాయలే, లోపల బిస్కెట్లే తగ్గాయి. నూనె దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒక లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. కొన్ని ప్యాకెట్లు చూడ్డానికి లీటరు ప్యాకెట్‌లానే ఉంటాయి, మీద చూస్తే 850 గ్రాములనో, 800 గ్రాములనో, 750 గ్రాములనో ఉంటుంది. "పది రూపాయలు తగ్గింది" అని తెచ్చుకుంటే నూనె కూడా తగ్గినట్టే.

దీనికి విరుగుడు కూడా ప్యాకెట్ మీదే ఉంది. ఇప్పుడు ఎంఆర్‌పీతో పాటు యూనిట్ ధర కూడా ముద్రించాలని నియమం ఉంది. కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాముకు ఎంతో, కిలో దాటితే కిలోకు ఎంతో వేస్తారు. గ్రాముకు 0.16 రూపాయలు అని ఉంటే వెయ్యితో గుణిస్తే కిలో 160. రెండు కంపెనీల ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి ఈ ఒక్క అంకె చూస్తే చాలు, ఏది చవకో తెలిసిపోతుంది. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవద్దు. షాంపూ లాంటి వాటిలో ఒక్కోసారి సీసా కంటే చిన్న సాచెట్లే చవక పడతాయి. లెక్క వేసి చూడండి.

"ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్నప్పుడు గడువు తేదీ చూడాలి. కొన్నిసార్లు గడువు దగ్గర పడిన సరుకునే అలా అమ్మేస్తారు. ఆ లోపల వాడేసేదైతే తీసుకోవచ్చు, లేదంటే వద్దు.

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, షాంపూ, టూత్ పేస్టు, తలనూనె మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అందుకని వీటి దగ్గర పాత ధరలు గుర్తుపెట్టుకుని "తగ్గించాం" అన్న మాట నమ్మకుండా, ఇప్పటి ప్యాకెట్ మీద ధర చూసి పోల్చుకోవాలి.

ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకున్నా, తూకంలో తేడా వచ్చినా గొడవ పడక్కర్లేదు. బిల్లు అడిగి తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఈ నంబరును తెలుగులో రాసి మా ఊరి సంఘం ఆఫీసు గోడ మీద అంటించాం. తూకాల సంగతి చూసేది తూనికలు కొలతల శాఖ. కాటా మీద ఆ శాఖ ముద్ర ఉందా అని అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది.

కలిసి కొంటే

కలిసి కొనడం మనకు కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా మీద పోరాడిన ఆడవాళ్లు ఆ తర్వాత రోజుకో రూపాయి దాచుకుని పొదుపు సంఘాలు కట్టారు. వెలుగు రోజుల్లో చాలా ఊళ్లలో సంఘాల వాళ్లు బియ్యం టోకున తెచ్చి సభ్యులకు అప్పుగా ఇచ్చి, డబ్బు వాయిదాల్లో వసూలు చేసేవారు. ఇక్కడున్న పెద్దమ్మల్లో కొంతమంది ఆ బస్తాలు మోసినవాళ్లే.

మేం కందిపప్పుతో మొదలుపెట్టాం. 30 కిలోల బస్తా. ఎనిమిది మంది మూడేసి కిలోలు, ముగ్గురు రెండేసి కిలోలు. మొత్తం 30 కిలోలు సరిపోయింది. టోకు కొట్టులో కిలోకు 8 రూపాయలు తక్కువ అనుకోండి, బస్తాకు 240 మిగలాలి. కానీ ఆటో కిరాయి 120 పోతుంది. చేతిలో మిగిలేది 120, అంటే కిలోకు 4 రూపాయలే. ఆ ఖర్చు చెప్పకుండా ఎనిమిది మిగిలిందని చెప్పడం సరైన లెక్క కాదు. అదే ఆటోలో నూనె ప్యాకెట్ల అట్టపెట్టె, సబ్బుల పెట్టె కూడా వేసుకొస్తే కిరాయి అందరి మీదా సర్దుకుంటుంది. అందుకని నెలకు ఒక్కసారే, అన్నీ కలిపి తెస్తాం.

బస్తా పంచేటప్పుడు తరుగు వస్తుంది. పావు కిలోనో ఎంతో తగ్గుతుంది. అది చివర తూచుకున్న వాళ్ల మీద పడకూడదు. ముందే బస్తా మొత్తం తూచి, ఉన్నదాన్ని బట్టి వాటాలు వేసుకోవాలి. వానాకాలంలో పప్పుకు పురుగు పడుతుంది కాబట్టి రెండు నెలలకు మించి తేవొద్దు. చింతపండు, ఎండుమిర్చి, పసుపు లాంటివి కొత్త పంట వచ్చినప్పుడు వేసవికి ముందే ఏడాదికి సరిపడా తెచ్చుకుంటే ఏ కూపనూ ఇవ్వనంత మిగులుతుంది. నూనె మాత్రం విడిగా పొయ్యించుకోవద్దు, సీలు ఉన్న ప్యాకెట్లే తీసుకుందాం.

మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. టౌనుకు వెళ్లి ధరలు కనుక్కురావడం తేలికైంది. కానీ బస్సు ఉచితం అయినంత మాత్రాన మన రోజు ఉచితం కాదు. 50 రూపాయల కూపన్ కోసం ఒక పూట కూలి పోగొట్టుకోకూడదు. ఆసుపత్రి పనికో, బ్యాంకు పనికో వెళ్లే సభ్యురాలి చేతికే మిగతావాళ్ల లిస్టు ఇస్తే పని అయిపోతుంది.

అరువు ఖాతా ఉన్నవాళ్ల సంగతి

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మేం ఈ రోజు మైకు పట్టుకున్నది దీనికోసమే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చేతిలో డబ్బు ఉన్నవాళ్లకే. అరువు మీద సరుకులు తెచ్చుకునే వాళ్లకు కూపన్ లేదు, ఆఫర్ లేదు, రెండు కొట్లలో ధర అడిగే వీలు కూడా లేదు. "ఈ పప్పు ఎంత?" అని అడిగితే "పాత బాకీ ఎప్పుడిస్తావు?" అని ఎదురు మాట వస్తుంది. అందుకని ధర అడగరు, తూకం చూడరు, బిల్లు అడగరు. మనలో అందరికంటే తక్కువ సంపాదించే అక్క అందరికంటే ఎక్కువ ధర కడుతుంది.

కొట్టు ఆయన్ని తిట్టమని మేం చెప్పడం లేదు. పనులు లేని రోజుల్లో, ఇంట్లో జబ్బు చేసినప్పుడు బియ్యం ఇచ్చింది ఆయనే. ఆయన డబ్బు నెలల తరబడి నిలిచిపోతుంది, దానికి ఖర్చు వేసుకుంటాడు. కానీ ఆ ఖర్చు ఎంతో మనం లెక్క వేసుకోవాలి కదా.

నెలకు 2,500 రూపాయల సరుకులు అరువు మీద తెస్తే వందకు 6 రూపాయలు ఎక్కువ పడుతుంది అనుకుందాం. నెలకు 150. అయిదు నెలలకు 750 రూపాయలు పోతాయి, అయినా అరువు అలాగే ఉంటుంది.

అదే సభ్యురాలికి సంఘం నుంచి అంతర్గత అప్పు 2,500 ఇస్తే, ఆ డబ్బుతో ఖాతా మొత్తం ఒకేసారి తీర్చేస్తుంది. ఆ నెల వచ్చిన కూలి డబ్బుతో వచ్చే నెల సరుకులు రొక్కంగా కొంటుంది. సంఘానికి నెలకు 500 చొప్పున అయిదు నెలల్లో తీరుస్తుంది. రూపాయి వడ్డీ లెక్కన మొదటి నెల 25, తర్వాత 20, 15, 10, 5. మొత్తం వడ్డీ 75 రూపాయలు. 750 ఎక్కడ, 75 ఎక్కడ? ఆ 75 కూడా మన సంఘంలోనే ఉంటుంది.

నెలకు 500 కట్టడం ఆ ఇంటికి మొదట్లో కష్టమే. 150 రూపాయలు అరువు ధరలోనే మిగులుతాయి. మిగిలిన 350 కోసం కష్టం ఉంటుంది. కట్టలేని వాళ్లకు పది నెలల వాయిదా పెట్టినా లాభమే. సంఘం అప్పంటే గేదెకో, కుట్టు మిషన్‌కో, పెళ్లికో ఇవ్వాలని మనకు అలవాటు. ఖాతా తీర్చడానికి అప్పు అడగాలంటే సిగ్గుపడతారు. కొట్టు బాకీ బయటపడుతుందని భయం. అందుకని మా సంఘంలో ఎవరి ఖాతా ఎంతో సమావేశంలో చదవం. లీడర్లకు చెబితే చాలు, తీర్మానంలో "ఇంటి అవసరం" అని రాస్తాం.

అలాగే ఆదా అంటే తిండి తగ్గించుకోవడం కాదు. ఖర్చు తగ్గించమంటే ఆడవాళ్లం మొదట మన కంచంలోదే తగ్గిస్తాం. మన గుడ్డు, మన పాలు, మన పప్పు. మిగిలిన డబ్బులో కొంత తిండి మీదే పెట్టాలని మేం అనుకున్నాం. అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే గుడ్లు, పాలు ఇంట్లో పంచేయకుండా వాళ్లే తినేలా చూడాలి.

ఫోన్ కూపన్ల జాగ్రత్త

ఫోన్‌లో వచ్చే కూపన్లలో నిజమైనవీ ఉన్నాయి, మోసాలూ ఉన్నాయి. ఆర్డరు పెట్టేటప్పుడు కూపన్ తగ్గింపు చూసి ఆగిపోవద్దు. డెలివరీ ఛార్జీ, ఇతర ఛార్జీలు కలిపి కింద వచ్చే మొత్తం చూడాలి. అది మన ధరల పుస్తకంలో ధర కంటే తక్కువైతేనే నొక్కాలి.

"మీకు అయిదు వేల సరుకుల కూపన్ వచ్చింది, ఈ లింకు నొక్కండి" అని తెలియని నంబరు నుంచి వస్తే నొక్కొద్దు. ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గర్నుంచి పోతున్నట్టే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఒకవేళ డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. ఇంట్లో తిడతారని దాచిపెట్టొద్దు, సంఘంలో చెప్పండి.

సూపర్ మార్కెట్‌లో పాయింట్ల కోసం ఫోన్ నంబరు అడిగితే ఇంట్లో అందరూ ఒకే నంబరు చెప్పండి, పాయింట్లు ఒక చోట చేరతాయి. సరుకులు తెచ్చేది మనమే కాబట్టి ఆ నంబరు మనదైతే మంచిది.

సమాఖ్యను మేం కోరేది

చివరగా మూడు విషయాలు సభ ముందు పెడుతున్నాం.

ఒకటి, ప్రతి సంఘంలో ఒక ధరల పుస్తకం పెట్టాలి. నెలకు ఒక సమావేశంలో పది నిమిషాలు ధరలు, కూపన్లు మాట్లాడుకోవాలి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాల నిర్వహణ అనే మన పంచసూత్రాలకు ఇది అదనపు బరువు కాదు, వాటిలోనే కలిసిపోతుంది.

రెండు, గ్రామ సంఘం స్థాయిలో నెలకు ఒక్కసారి పప్పు, నూనె, సబ్బులు కలిపి కొనే ఏర్పాటు ఆలోచించాలి. ఊరి కొట్టు ఆయన టోకు ధరకు దగ్గరగా రొక్కానికి ఇస్తానంటే ఆయన దగ్గరే కొందాం. డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది.

మూడు, అరువు ఖాతా తీర్చుకోవడానికి అంతర్గత అప్పు ఇవ్వొచ్చని అన్ని సంఘాలూ తీర్మానం చేయాలి. ఈ ఏడాది ఒక్కో సంఘం ఇద్దరి ఖాతాలు మూయించినా, ఆ ఇద్దరూ వచ్చే నెల కొట్టుకెళ్లి "ఇది ఎంత? తూచి చూపించు. బిల్లు ఇవ్వు" అని అడగగలుగుతారు.

ఈ నెల లిస్టు ఇంకా రాయని అక్కలు ఇంటికెళ్లగానే డబ్బాలు తెరిచి చూసుకోండి. సెలవు.